ఉప్పు పద్దు

మా సారంలో బియ్యం కొట్టుకెళ్ళి ఊరికే బియ్యం కావాలంటే కుదరదు. పచ్చరిసియా, పుళుంగలా అని ఎదురు ప్రశ్న వేస్తాడు కొట్టాయన. అంటే పచ్చి బియ్యమా, ఉప్పుడు బియ్యమా అని. ఇక్కడివాళ్ళు పచ్చి బియ్యాన్ని పొంగలికీ పిండివంటలకీ వాడుకుని, రోజూ కంచంలోకి మాత్రం ఉప్పుడు బియ్యమే వండుకుంటారు. మనది సరిగ్గా దీనికి తిరగబడిన వ్యవహారం. యానాం నుంచి ప్రభుత్వాఫీసుల పనిమీద ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి పుదుచ్చేరి వచ్చే మనవాళ్ళు ఎవరైనా మా ఇంటికి భోజనానికొస్తే, చేతులు కడుక్కుంటూనే "అన్నం మన అన్నమేనా అండీ?" అని అడుగుతారు. హోటళ్ళలో లావుపాటి మెతుకు తిని తిని విసిగిపోయి ఉంటారు పాపం.

మా కోసం తెప్పించే బియ్యాన్ని కొట్టాయన ఆంధ్రా పొన్ని అంటాడు. మనం సాంబ మసూరి అంటాం. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బి.పి.టి. 5204 అది. దాని వంశంలో ఉన్న మసూరి మలయా నుంచి వచ్చింది. వీళ్ళు ప్రాణంగా చూసుకునే పొన్ని కూడా ఆ మసూరి నుంచి తీసిందే. అంటే మా గోడకి అటూ ఇటూ ఉడుకుతున్న రెండు బియ్యాలూ చుట్టాలే. తేడా అంతా మిల్లుకి పంపే ముందు వడ్లని నానబెట్టి ఉడికించారా లేదా అన్న దగ్గరే ఉంది.

ఈ బియ్యం పురాణం ఎందుకంటే, ఆ మధ్య మా సంఘం నెలవారీ సమావేశానికి ఒక కరపత్రం ముసాయిదా వచ్చింది. పేరు "వంటింట్లో మూఢనమ్మకాలు". మొత్తం 18 అంశాలు. గ్రహణవేళ వండింది విషమవుతుందనడం, దర్భపుల్ల వేస్తే ఆ విషం విరిగిపోతుందనడం, బహిష్టయిన ఆడవాళ్ళు ముట్టుకుంటే ఆవకాయ పాడైపోతుందనడం, ఇలా సాగింది. బాగానే ఉంది. ఏడో అంశం దగ్గర నా పెన్ను ఆగింది. "పచ్చి బియ్యం కన్నా ఉప్పుడు బియ్యం బలమనుకోవడం" అని ఉంది అక్కడ.

"దీన్ని ఎవరు పరీక్షించారండీ?" అన్నాను.

ముసాయిదా రాసింది ఒక కుర్ర లెక్చరరు. చురుకైనవాడు, చదువుకున్నవాడు. "పరీక్షించేదేముంది సార్, మా అమ్మమ్మ అంటుండేది. ఉడకబెడితే బలం ఎక్కడి నుంచి వస్తుంది? పోతుంది గానీ" అన్నాడు.

తర్కం చక్కగా ఉంది. కానీ నిజం అమ్మమ్మ పక్షాన ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు గూడుకట్టుకుని ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడటం, ఒళ్ళు నీరుపట్టడం, చివరికి గుండె ఆగిపోవడం. అదే మద్రాసు రాజధానిలో, అంతే బీదరికంలో బతుకుతున్న తమిళ జిల్లాల్లో అది అరుదు. మనం తిన్నది మరపట్టిన తెల్లటి పచ్చి బియ్యం, వాళ్ళు తిన్నది ఉప్పుడు బియ్యం. బియ్యపు పైపొరలోనూ మొలక దగ్గరా ఉండే బి1 విటమిన్ మరపట్టినప్పుడు తవుడుతో పాటు పోతుంది. వడ్లని ముందే ఉడికిస్తే అందులో కొంత గింజలోకి ఇంకుతుంది, తర్వాత మరపట్టినా పూర్తిగా పోదు. మిగిలిన కాస్తనీ మనం నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోసేవాళ్ళం. తెల్లగా ఉండటం మర్యాద కదా!

ఈ జబ్బు సంగతి తేల్చడానికే 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒక గదిలో బెరిబెరి విచారణ మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి తరలింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ సంస్థ పుట్టుకే మన కంచంలోని జబ్బు మీద జరిగిన విచారణ. అది తెలియకుండా మన పేరు మీదే ఏడో అంశం అచ్చేస్తే, చదివిన ఏ డాక్టరైనా మిగతా పదిహేడూ కూడా చింపి పారేస్తాడు.

ఈ సంగతులన్నీ నా చదువు పథకం పుణ్యాన తెలిశాయి (పుణ్యం అన్నది ఊతపదం, మన మిత్రులు క్షమించాలి). రిటైరైన ప్రతివాడికీ ఒక చదువు పథకం ఉంటుంది. నాది కాస్త ఆఫీసు పద్ధతిలో ఉంటుంది. ఏప్రిల్లో బడ్జెట్ అంచనా 24 పుస్తకాలు. డిసెంబరులో సవరించిన అంచనా 15. మార్చి 31 నాటికి వాస్తవం సాధారణంగా పదకొండో పన్నెండో. మిగిలినవి వచ్చే సంవత్సరానికి బదిలీ. కేంద్ర ప్రభుత్వంలో అయితే మిగిలింది మురిగిపోతుంది, నా పథకంలో మురగదు, అదొక్కటే తేడా. పుస్తకాల పద్దులో రెండు గళ్ళు అదనంగా గీసుకున్నాను. చదవకముందు ఈ విషయం మీద నా అభిప్రాయం ఏమిటి, చదివాక ఏమిటి. మొదటి గడి పుస్తకం తెరవకముందే నింపాలి. లేకపోతే చివరి పేజీకి వచ్చేసరికి "నేను ఎప్పుడూ ఇలాగే అనుకునేవాణ్ణి" అనిపిస్తుంది. మనసు అంత చక్కగా పాత చిట్టా దిద్దేస్తుంది.

ఇంకో నియమం, మన పక్షం పుస్తకం ఒకటి చదివితే అవతలి పక్షానిది ఒకటి చదవాలి. ఇక్కడి ప్రభుత్వ గ్రంథాలయం 1827 నాటిది, రొమేన్ రోలా పేరు పెట్టారు దానికి. 1915 నోబెల్ ఆయనది. యుద్ధోన్మాదాన్ని ఎదిరించిన మనిషి, తర్వాత రామకృష్ణుడి మీదా వివేకానందుడి మీదా పుస్తకాలు రాశాడు. మత గ్రంథాలూ మత సంస్థలూ అవతల పెట్టినా మనిషిలో ఒక సముద్రం లాంటి అనుభూతి ఉంటుంది, మతానికి మూలం అదేనని ఆయన ఫ్రాయిడ్‌కి ఉత్తరం రాశాడు. ఫ్రాయిడ్ 1930లో వచ్చిన పుస్తకాన్ని ఈ ప్రస్తావనతోనే మొదలుపెట్టి, నాలో వెతుక్కున్నాను, అలాంటి అనుభూతి నాకు కనబడలేదు అన్నాడు. అబద్ధం అనలేదు, మూర్ఖత్వం అనలేదు, నా దగ్గర లేదు అన్నాడు, ఆ తర్వాతే వివరణకి దిగాడు. ఆ మర్యాద నాకు నచ్చింది. మన వాదోపవాదాల్లో అది తక్కువ.

సరే, అసలు సంగతికొస్తా. ఆ వరసలోనే తిండి చరిత్ర మీద చదువుతుంటే జపాన్ నౌకాదళం వైద్యుడు తకాకి తగిలాడు. లండన్‌లో చదివి వెళ్ళినవాడు. 1882 చివర బయల్దేరి 1883లో తిరిగొచ్చిన ర్యూజో అనే శిక్షణ నౌకలో 376 మంది ఉంటే 169 మందికి బెరిబెరి పట్టింది, 25 మంది చనిపోయారు. నావికులకి తిండి నిమిత్తం కొంత రొక్కం ఇచ్చేవారు. వాళ్ళు అందులో మిగుల్చుకుని చవగ్గా తెల్లబియ్యం తిని, మిగిలింది ఇంటికి పంపేవారు. బీదవాడికి భత్యం ఇస్తే ఏమవుతుందో ఏ లెక్కల గుమాస్తా అయినా చెప్పగలడు. తకాకి ప్రభుత్వాన్ని ఒప్పించి 1884లో త్సుకుబా అనే మరో నౌకని అదే దారిలో పంపాడు, తిండి మాత్రం మార్చి. మాంసం, రొట్టె, పాలు పెట్టారు. ఈసారి జబ్బు పడినవాళ్ళు పదిహేను మందికి అటూ ఇటూ. చావు ఒక్కటీ లేదు. జబ్బు పడినవాళ్ళలో ఎక్కువమంది కొత్త తిండి తినం పొమ్మన్నవాళ్ళే. ఆ తర్వాత నౌకాదళంలో బార్లీ కలిపిన అన్నం పెట్టి ఆ జబ్బుని దాదాపు తుడిచేశారు. ఆయనకి బార్లీ బారన్ అని పేరొచ్చింది.

ఇక్కడ చిత్రం ఏమిటంటే తకాకి సిద్ధాంతం తప్పు. మాంసకృత్తులు తక్కువై, పిండిపదార్థం ఎక్కువై ఈ జబ్బు వస్తోందనుకున్నాడు ఆయన. విటమిన్ అనే మాట పుట్టిందే 1912లో. సిద్ధాంతం తప్పు, పద్దు ఒప్పు.

అదే దేశంలో సైన్యం వైద్యులు ఉన్నారు. వాళ్ళు తకాకి కన్నా ఆధునికులు. జర్మనీలో చదివినవాళ్ళు, సూక్ష్మజీవి సిద్ధాంతం కంఠతా వచ్చినవాళ్ళు. మోరి ఓగై అని జపాన్ సాహిత్యంలో మహా రచయిత, ఆయన కూడా వాళ్ళలో ఒకడు. బెర్లిన్‌లో కాక్ దగ్గర పని చేసి వచ్చాడు. వాళ్ళ దృష్టిలో బార్లీ వైద్యం అంటే నాటువైద్యుల మూఢనమ్మకం. శాస్త్రీయ కారణం చూపించకుండా తిండి మార్చడమేమిటని తెల్లబియ్యమే పెట్టారు. 1904-05 రష్యా యుద్ధంలో ఆ సైన్యంలో రెండున్నర లక్షల మంది దాకా బెరిబెరి పాలయ్యారు, 27 వేల మంది దాకా చనిపోయారు.

నేను ఈ అంకెలు మా సమావేశంలో చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ కథలో మేం ఎవరి పక్కన నిలబడి ఉండేవాళ్ళమో అందరికీ తెలుసు. మూఢనమ్మకం అని కొట్టిపారేసిన ఆ డాక్టర్లు ఏ స్వామీజీ శిష్యులూ కారు, మనవాళ్ళే.

జావాలో ఇంకో ఆయన ఉన్నాడు, వోర్డర్‌మాన్ అని. ఐక్‌మాన్ అనే డాక్టరు కోళ్ళకి తెల్లన్నం పెడితే కాళ్ళు పడిపోతున్నాయని గమనించాడు, తర్వాత 1929లో ఆయనకి నోబెల్ వచ్చింది. కోళ్ళ సంగతి సరే, మనుషుల మాటేమిటని వోర్డర్‌మాన్ జావాలోని 101 జైళ్ళ లెక్కలు తీశాడు. ముడిబియ్యం పెట్టే 37 జైళ్ళలో ఒక్కదాంట్లోనే బెరిబెరి ఉంది. తెల్లబియ్యం పెట్టే 51 జైళ్ళలో 36 చోట్ల ఉంది. రెండూ కలిపి పెట్టే 13 జైళ్ళలో ఆరు చోట్ల ఉంది. అంతటితో ఆగలేదు. ఆ జైలు కట్టడం పాతదా కొత్తదా, నేల ఎలాంటిది, గాలి ఆడుతుందా, జనం కిక్కిరిసి ఉన్నారా, అన్నీ విడివిడిగా గళ్ళు గీసి చూశాడు. వాటితో ఏ పొంతనా లేదు. నాకు నోబెల్ ఆయన కన్నా ఈ జైళ్ళ తనిఖీ ఆయన మీదే ఎక్కువ గౌరవం. వృత్తిధర్మం అనుకోండి.

మీటింగుల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క చెప్పాలి. రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏళ్ళ పైన పనిచేసి నేను కూర్చున్న మీటింగులు లెక్కపెట్టలేను. ఈ ప్రాంతంలో రాహుకాలం పట్టింపు ఎక్కువ. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం కాబట్టి సమీక్షా సమావేశం తొమ్మిదీ అయిదుకి పెట్టే అధికారి ఉండేవాడు ఒకాయన. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా అయితే, పన్నెండు దాటాక పిలిచి ఆకలి మీద కూర్చోబెట్టేవాడు. రాహుకాలం తప్పించి మొదలైన మీటింగు తొందరగా తేలిన దాఖలా నా డైరీలో లేదు. అయితే హేతువాదులు పెట్టే మీటింగులు తొందరగా తేలిన దాఖలా కూడా లేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఒకటి మాత్రం బాగా గుర్తుంది. ఒక చోట రేషన్ గోదాములో బియ్యం తరుగు ఎక్కువ వస్తోందని ఆడిట్ అభ్యంతరం పెట్టాం. దాని మీద మీటింగు. ఒకాయన ఎలుకలన్నాడు. ఇంకొకాయన దొంగతనమన్నాడు. మూడో ఆయన కాటా తప్పన్నాడు. ఎవరి సిద్ధాంతం వాళ్ళది, ఎవరి గొంతు వాళ్ళది. గోడ పక్కన బెంచీ మీద గోదాము గుమాస్తా కూర్చుని ఉన్నాడు, చేతిలో అట్ట ఊడిపోయిన నోటుబుక్కు. అతను ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం అవే పది బస్తాల్ని తూచి రాసుకుంటున్నాడట. ఎండల్లో తగ్గుతోంది, వానల్లో కొంత తిరిగి పెరుగుతోంది. ఎలుక తిన్న బియ్యం వానాకాలంలో తిరిగి రాదు కదా! తేమ సంగతి ఆ పుస్తకంలో అద్దంలా కనబడుతోంది. మరి అతన్ని ఎవరూ అడగలేదేం? అజెండాలో అతని పేరు లేదు. టీ అయ్యాక నేను ఆ పుస్తకం పట్టుకొచ్చి బల్లమీద పెట్టించాను. మినిట్సులో "గమనించడమైనది" అని ఒక్క మాట ఎక్కింది. ఎలుకల మందుకి మాత్రం మంజూరు అయింది.

మా సంఘం సమావేశం అలా ముగియకూడదని పట్టుబట్టాను. పద్ధెనిమిది అంశాలకీ ఎదురుగా మూడు గళ్ళు గీశాం. పరీక్షించారా, ఎవరు, ఏం తేలింది. ఏడోది తీసేశాం. గ్రహణం, దర్భ, ఆవకాయ నిలిచాయి. చద్దన్నం దగ్గర పెద్ద రగడ అయింది. రాత్రి నీళ్ళు పోసి ఉంచితే పులుస్తుంది, కొన్ని పోషకాలు పెరగొచ్చు, అంతవరకు సరే. బి12 కొండలా పెరిగిపోతుందని వాట్సాపులో తిరిగే అంకెలకి ఆధారం చూపించమంటే ఎవరూ చూపించలేకపోయారు. చెడ్డదన్నవాళ్ళ దగ్గర కూడా ఆధారం లేదు. "తేలలేదు" అని రాశాం. తేలలేదు అని కరపత్రంలో వేస్తే జనం నవ్వరా అని ఒకరన్నారు. నవ్వితే నవ్వనీ. 18 అంశాల కరపత్రం చివరికి 11 అంశాలతో అచ్చయింది. కుర్ర లెక్చరరు మాత్రం ఒక ప్రశ్న వేశాడు. "అయితే సార్, మనం కూడా కొన్ని నమ్మకాలే ప్రచారం చేస్తున్నామా?" అని. ఆ ప్రశ్న మినిట్సులో రాయమన్నాను.

నాకు అంతకుముందే ఇంట్లో ఎదురైన ప్రశ్న అది. ఇంకా సూటిగా ఎదురైంది.

మా ఆవిడకి ఆరేళ్ళుగా రక్తపోటు. రోజూ మాత్ర వేసుకుంటుంది. వాళ్ళ పెద్దమ్మ కూతురు వాట్సాపులో ఒక వీడియో పంపింది. మామూలు ఉప్పు మానేసి గులాబీరంగు రాతి ఉప్పు వాడితే రక్తపోటు దానంతటదే దిగిపోతుంది, మాత్రలు ఆపేయొచ్చు అని. ఆ ఉప్పులో నూటికి 97 పాళ్ళ పైగా ఉండేది మామూలు ఉప్పే, పైగా అయోడిన్ కలపనిది చాలా ఉంటుంది అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటోందని కాగితం తీసి చూపించాను. ఆవిడ ఆ కాగితం వైపూ, ఫోను వైపూ చూసి అంది.

"మీరొక కాగితం చూపిస్తారు. అక్కయ్య ఒక వీడియో చూపిస్తుంది. మీరిద్దరూ మా వంటింట్లోకి వచ్చి చూసింది లేదు. రెండింటికీ తేడా ఏమిటండీ?"

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకునే హేతువాది ఎవరైనా ఉంటే అతనితో నాకు పని లేదు. ఆవిడ మాత్ర ఆపేస్తే పోయేది నా వాదన కాదు, ఆవిడ మెదడులో ఒక రక్తనాళం. వాళ్ళ నాన్నగారు పక్షవాతంతో రెండేళ్ళు మంచంలో ఉన్నారు. మాత్ర ఆపనని మాట తీసుకుని, మిగతాదానికి ఉప్పు పద్దు తెరిచాం.

సంక్రాంతి వెళ్ళిన మర్నాడు మొదలు. మొదటి 40 రోజులూ ఏమీ మార్చకూడదు, ఎప్పటిలాగే వండాలి, లెక్క మాత్రం రాయాలి. ప్రారంభ నిల్వ, కొన్నది, ముగింపు నిల్వ. అతిథి ఒక పూట తింటే అర మనిషి-రోజు. (యానాం వాళ్ళు ఇద్దరు వచ్చి రెండు పూటలు తిన్నారు, వాళ్ళవి రెండు మనిషి-రోజులు.) ఉడికించి వార్చిన నీళ్ళలో పోయిన ఉప్పుని వదిలేశాం, తేల్చడం కష్టం. రక్తపోటు రోజూ పొద్దున్నా సాయంత్రం, అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక, ఎడమ చేతికే. ఫలితం ఎలా ఉంటే ఏమనుకోవాలో ముందే రాసి ఇద్దరం సంతకాలు చేశాం. రిమార్కుల గడి ఆవిడకిచ్చాను.

40 రోజులకి డబ్బాలోంచి 740 గ్రాములు వెళ్ళింది. మనిషి-రోజులు 82. అంటే మనిషికి రోజుకి 9 గ్రాములు. ఇది కాక ఆవకాయ ఉంది. మా ఆవిడ కొలతలు నోటిమీద ఉంటాయి. రెండు కిలోల ముక్కకి ఉప్పు, కారం, ఆవపిండి తలా 400 గ్రాములు, లీటరు నూనె. మొత్తం నాలుగు కిలోల పైన తూగుతుంది, అందులో పదో వంతు ఉప్పు. జాడీ తూస్తే 40 రోజుల్లో కిలోన్నర తగ్గింది. కాబట్టి మనిషికి ఇంకో రెండు గ్రాములకి కాస్త తక్కువ. అప్పడాలు వదిలేసినా దగ్గర దగ్గర 11 గ్రాములు. మా ఇంట్లో ఉప్పు తక్కువే తింటామని ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతూ వచ్చిన మనిషి మా ఆవిడ. ఆ అంకెని రెండుసార్లు కూడి చూసుకుంది. మాట్లాడలేదు.

పొటాషియం కలిపిన ఉప్పు సంగతి కూడా విచారించాం. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మంది మీద అయిదేళ్ళ పాటు చూసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఆ ఉప్పు వాడినవాళ్ళకి పక్షవాతం 14 శాతం తక్కువ వచ్చింది. కానీ మా డాక్టరు వద్దన్నారు. ఈవిడ వేసుకునే టెల్మిసార్టాన్ మాత్రే ఒంట్లో పొటాషియాన్ని నిలవబెట్టే రకం. అందరికీ మంచిది కాబట్టి నాకూ మంచిదే అనుకోవడానికి లేదు. కాబట్టి మిగిలిన దారి, తగ్గించుకోవడమే.

మజ్జిగలో ఉప్పు మానేశాం. గ్రాముల కాటా కొని, కూరకింత అని తూచి వేయడం మొదలుపెట్టింది. ఆవకాయ రోజు విడిచి రోజు. ఒక నెల నాలుక అలవాటు పడటానికి వదిలేశాం. ఆ నెలలో మా ఇంట్లో మాటలు కూడా చప్పగానే ఉండేవి. 2025 సెప్టెంబరు 7న సంపూర్ణ చంద్రగ్రహణం వస్తే రాత్రి పదకొండు దాటాక మేడమీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. దానికి ఏ ధైర్యమూ అక్కర్లేదు, ఒక్క రాత్రితో పరీక్ష అయిపోతుంది, ఫోటో కూడా బాగా వస్తుంది. ఎదురుగా ఆవకాయ జాడీ పెట్టుకుని ఇవాళ కాదు రేపు అనుకోవడం వేరే. దానికి ఎవరూ ఫోటో తియ్యరు.

మళ్ళీ 40 రోజులు. ఈసారి డబ్బాలోంచి 460 గ్రాములు, మనిషి-రోజులు 80. ఆవకాయతో కలిపి మనిషికి ఆరున్నర గ్రాములు దాటింది. అయిదు చేరలేదు. రక్తపోటు పై అంకె సగటు మొదటి విడత 148, రెండో విడత 139. మాత్ర మోతాదు మారలేదు. రాతి ఉప్పు ఇంట్లోకి రాలేదు. ముందే రాసుకున్న షరతు ప్రకారం అయిదు అంకెలు తగ్గితే పనిచేసినట్టే. తొమ్మిది తగ్గింది.

సంతకం పెట్టమని పుస్తకం ఆవిడ ముందు పెట్టాను. పెట్టలేదు. రిమార్కుల గడిలో మొదటి రోజు నుంచీ ఎండ ఎలా ఉందో రాస్తూ వచ్చింది, అది వేలితో చూపించింది.

"మొదలుపెట్టింది సంక్రాంతికి. ముగించింది మే నెలలో. ఎండాకాలం మా అమ్మకి కూడా బీపీ దిగేదండీ. చెమటలో ఎంత ఉప్పు పోయిందో తూచారా?"

నిజమే, ఎండాకాలంలో చాలామందికి రక్తపోటు కొంత దిగుతుంది. తొమ్మిదిలో ఉప్పు వాటా ఎంత, ఎండ వాటా ఎంత అన్నది ఈ పద్దు చెప్పదు. ముప్పై ఏళ్ళు ఆడిట్ అభ్యంతరాలు రాసినవాడిగా చెబుతున్నాను, అది కొట్టిపారేసే అభ్యంతరం కాదు.

సంతకం పెట్టకుండానే వచ్చే సంక్రాంతి మర్నాటి తేదీ వేసి, తక్కువ ఉప్పుతోనే మళ్ళీ 40 రోజులు చలికాలం లెక్క తీయాలని కొత్త పేజీకి గీతలు గీసింది. ఈసారి అప్పడాలకి కూడా ఒక గడి పెట్టింది. వాళ్ళ అక్కయ్యకి ఫోన్ చేసి, మీ ఇంట్లో నెలకి ఎన్ని ఉప్పు పొట్లాలు కొంటారే అని అడుగుతుంటే పక్క గదిలోంచి విన్నాను. అటునుంచి జవాబు ఇంకా రాలేదు.